క్రొత్త కోళ్లు, పాత మంద

సంతనుండి రెండు పెట్టలను కొనితెచ్చి పెరటిలో విడిచినంతమాత్రమున మంద వృద్ధియైనదని తలంచువారు పెక్కురు గలరు. మఱునాటి ఉదయమునకు ఆ క్రొత్తపెట్టలలో నొకటి గోడమూలను తల దాచుకొని నిలిచియుండును. దాని మెడమీది యీకలు ఊడియుండును. తురాయినుండి నెత్తురు కాఱుచుండును. ఇంటివారు పాతకోళ్లను కఱ్ఱతో అదలింతురు. అప్పటికిని పోరు మానకున్న, క్రొత్తదానిని వచ్చిన ధరకు అమ్మివేయుదురు. గ్రుడ్లమ్మిన సొమ్ముతో పిల్లలకు పుస్తకములు కొనెడి తల్లికి ఇది అల్పమైన నష్టము కాదు. కావున ఈ పోరు ఏల పుట్టుచున్నదో, దానిని ఏయుపాయములచేత తగ్గింపవచ్చునో ఈ పాఠమున విచారింతము.

మందలోని వరుస

కోళ్లమందలో ప్రతి కోడికిని ఒక స్థానము గలదు. ఈ సంగతిని శాస్త్రరీతిని వివరించి ప్రసిద్ధికెక్కినవాడు నార్వే దేశీయుడగు తార్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె. ఇతడు బాల్యమునుండియు కోళ్లను కనిపెట్టి చూచుచు వచ్చి, 1922వ సంవత్సరమున తన పరిశీలనములను జర్మను భాషలో ప్రకటించెను. ఒక మందలోని ఏ రెండు కోళ్లను తీసికొన్నను, అందొకటి పొడుచును, రెండవది తొలగిపోవును. పైస్థానమున నున్నదానిని ఏదియు పొడువదు. అట్టడుగున నున్నది దేనిని పొడువదు. ఒక్కొక్కప్పుడు ఈ వరుస తిన్నగా నుండదు. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది మరల మొదటిదానిని పొడుచుటయు గలదు.

వరుస యేర్పడిన పిమ్మట మందలో శాంతి నెలకొనును. పైకోడి మెడయెత్తి చూచినంతనే క్రిందికోడి దారి విడుచును. పొడువవలసిన పనియే యుండదు. కోళ్లు ఒకదానినొకటి ముఖ్యముగా తలను, తురాయిని బట్టి గుర్తించును. ఎఱుగని ముఖము వచ్చినప్పుడు దాని స్థానమేదో తెలియదు గనుక, పాతకోళ్లు ఒక్కొక్కటిగా వచ్చి దానితో లెక్క తేల్చుకొన జూచును. క్రొత్తది ఒంటరిదైనచో మంద యంతయు దానిమీదనే పడును.

ఈ కలతవలన గాయములే గాక ఇతర నష్టములును గలవు. అమెరికా దేశమున గూల్, ఆలీ యను శాస్త్రజ్ఞులు 1944లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, తఱచుగా కోళ్లను మార్చుచుండిన మందలలోని పెట్టలు, స్థిరముగా నుంచిన మందలలోని పెట్టలకంటె తక్కువ మేసెను. తక్కువ గ్రుడ్లు పెట్టెను. కావున నెలకొక కోడి చొప్పున చేర్చుటకంటె, కావలసినవానిని ఒక్కమాఱే చేర్చుట మేలు.

రెండు విధముల పొడుచుట

తలమీద ఒక పోటు పొడిచి, ఎదుటిది తొలగగానే విడిచిపెట్టుట వరుసకు సంబంధించినది. దీనిని మనము ఆపజాలము, ఆపనక్కఱయు లేదు. పాఱిపోవుదానిని విడువక తఱుముట, మేతకును నీటికిని రానీయకుండుట, ఈకలు పీకుట, నెత్తురు కనబడినచోటనే మరల మరల పొడుచుట రెండవ విధము. ఇది ప్రాణాపాయకరము. ఎఱ్ఱని గాయము కంటబడినంతనే తక్కిన కోళ్లును అచ్చటనే పొడుచును. ఇఱుకు గూడు, మిక్కిలి వేడిమి, తీవ్రమైన వెలుతురు, దాణాలో మాంసకృత్తులును ఉప్పును చాలకపోవుట, ఒంటిమీది పేలు మొదలగునవి ఈ దుర్గుణమును హెచ్చించును. కాబట్టి పొడుచు కోడిని దండించుటకు ముందు గూటిని, దాణాను పరీక్షింపవలెను.

చేర్చు విధానము

మొదటి మెట్టు: క్రొత్తకోళ్లను సుమారు మూడు వారములు దూరముగా వేఱొక చోట నుంచవలెను. ఇది పోరుకొఱకు గాక రోగభయముచేత చేయవలసిన పని. కొక్కెర తెగులను రాణీఖేత్ వ్యాధి ఒక్క కోడితో వచ్చి మందనంతటిని తుడిచిపెట్టగలదు. ఈ కాలమున పాతకోళ్లకు మేతనిచ్చిన పిమ్మటనే క్రొత్తవాని యొద్దకు పోవలెను. వెనుక చేతులు కడుగుకొనవలెను. పశువైద్యుని యడిగి టీకా వేయించుట మంచిది.

రెండవ మెట్టు: క్రొత్తవానిని పాతమంద కెదురుగా, నడుమ తీగవల కట్టి, ఒకటి రెండు వారములుంచవలెను. కోళ్లు ఒకదానినొకటి చూడవలెనుగాని పొడువరాదు. వలకు ఇరుప్రక్కల దగ్గఱగా దాణా పెట్టినచో, ప్రక్కప్రక్కనే మేయుట వానికి అలవాటగును.

మూడవ మెట్టు: కోడిని ఒంటరిగా చేర్చక, రెండు మూడింటిని కలిపి చేర్చవలెను, పోటు అప్పుడు ఒక్కదానిమీదనే పడదు. చీకటిపడి కోళ్లు వాలిన తరువాత క్రొత్తవానిని మెల్లగా వాని సరసను వాలుకఱ్ఱమీద కూర్చుండబెట్టుదురు. ఇది కొంత మేలేగాని, ఇంతమాత్రమున పోరు తీరదు. తెల్లవాఱగానే తలుపు తీసి మందను విశాలమైన పెరటిలోనికి విడిచి, ఆ యుదయము ఎవరైనను కావలి యుండవలెను. వాలుకఱ్ఱమీద కోడి యొకటింటికి సుమారు పది అంగుళముల చోటుండవలెను.

పెరటిలో దాణాతొట్లను, నీటిపాత్రలను ఒకటికి రెండుగా, ఒకచోటినుండి మఱియొకటి కనబడనంత యెడముగా నుంచవలెను. పాత గంపలు, కట్టెలమోపు, వాల్చిన తడిక మొదలగునవి తఱుమబడినదానికి మఱుగగును. అయితే వెనుకకు దారి లేని మూల యుండరాదు. అందు చిక్కినది తప్పించుకొనజాలదు. తోటకూర, మునగాకు కట్టలు గట్టి ముక్కుకందునంత యెత్తున వ్రేలాడదీసినచో కోళ్లకు పొడుచుటకు వేఱొక పని దొరకును.

గాయపడినదియు, గాయపఱచినదియు

నెత్తురు కనబడినచో ఆ కోడిని వెంటనే వేఱు చేసి, గాయమును ఉప్పునీటితో కడిగి, మానువఱకు మందలో కలుపరాదు. దానిని మందకు కనబడునట్లు తీగవలచాటున నుంచుట మంచిది. చాలకాలము కనబడనిది తిరిగి క్రొత్తదే యగును. ఈ గుణమునే దుష్టకోడి విషయమున ఉపయోగింపవచ్చును. అది యొక్కటే పోరు పెట్టుచున్నయెడల, దానిని కొన్నిదినములు మంద కంటబడకుండ నుంచి, పిమ్మట విడువుడు. అప్పటికి తక్కినవి తమలో సర్దుకొనియుండుటచేత దాని పెత్తనము చాలవఱకు తగ్గును. కొన్ని పెద్ద క్షేత్రములలో ముక్కుకొనలు కత్తిరింతురు. పెరటి మందకు అట్టి బాధ పెట్టవలసిన పనిలేదు.

మఱి రెండు జాగ్రత్తలు గలవు. పిల్లలు పెట్టలతో ఇంచుమించు సమానముగా నెదుగువఱకు వానిని పెద్దవానితో కలుపరాదు. జాతిగుణమును గమనింపవలెను: మన ప్రాంతమున ప్రసిద్ధమైన అసీలు జాతి పోట్లాటకు పేరుపడినది. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై వృద్ధిచేసిన వనరాజ, గ్రామప్రియ కోళ్లను అసీలు మందలో చేర్చువారు ఎక్కువ కనిపెట్టి యుండవలెను.

విద్యార్థులకు ఒక పని

ఇంట కోళ్లు గల విద్యార్థులు వాని కాళ్లకు వేఱువేఱు రంగుల మెత్తని దారములను వదులుగా కట్టి, దినమునకు అరగంట చొప్పున ఒక వారము, ఏది దేనిని పొడిచెనో పట్టీగా వ్రాయుదురుగాక. షెల్డెరుప్ ఎబ్బె చేసినది ఇట్టి పనియే. ఓర్పు, కాగితము, పెన్సిలు ఉన్నచో చాలును. క్రొత్తకోడి వచ్చిన దినమున ఆ పట్టీ యెట్లు మాఱునో చూచినవారికి ఈ పాఠము మఱి చెప్పవలసిన పని యుండదు.

పాతకోడి తనంతట తాను క్రొత్తకోడికి చోటు చూపజాలదు; తీగవల కట్టుట, రెండవ తొట్టి పెట్టుట పెంచువాని విధి. మన వసతిగృహములకును ఏటేట క్రొత్త బాలురు, బాలికలు వచ్చుచున్నారు. వారికి పంక్తిలో చోటు చూపుటకు మాత్రము ఎవరును వల కట్టనక్కఱలేదు. ముందు వచ్చినవారు కొంచెము జరిగి కూర్చుండిన చాలును.