తోడి కాయకులతో మెలగు విధము

అన్నవరము రత్నగిరిపై సత్యనారాయణస్వామి ప్రసాదము సిద్ధమగు తీరును తలచి చూడుడు. గోధుమనూక వేయించుట మొదలు నేయి కలిపి ఆకులలో పొట్లము కట్టు వరకు పలువురి చేతులు పడిన గాని అది భక్తుని చేతికి అందదు. వారందరును ఒకరికొకరు ప్రీతిపాత్రులై యుండవలెనను నియమమున్నచో ఏ పొయ్యియు వెలుగదు.

కొండ దిగిన పిదపను ఇదియే సంగతి. బడిలోనో బ్యాంకులోనో మిల్లులోనో పనిచేసి సాయంకాలమున ఇల్లు చేరిన కుమారుడు "అతనితో నాకు పొసగదమ్మా" అని తల్లితో చెప్పుకొనును. ఆ మాటలో దోషమేమియు లేదు. పొసగకపోవుట నిజమే కావచ్చును. అయితే పొసగనిది అతని పనియా, అతని తీరా యని అడుగు పెద్దలు ఇంట నుండవలెను.

12వ శతాబ్దిలో కల్యాణనగరమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు ఒకే అచ్చున పోతపోసిన వారు కారు. మడివాళ మాచయ్య బట్టలుతికెడివాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనెడివాడు. అంబిగర చౌడయ్య పడవ నడపెడివాడు. చౌడయ్య మాట కటువైనదని ఆయన వచనములు చదివిన వారెరుగుదురు. కపటభక్తుని యెదుట ఆ నాలుకకు మొగమాటమే లేదు. అట్టివానితో ఒకే గోష్ఠిలో కూర్చుండుట అందరకును సుఖముగా నుండెనని యెంచుట అమాయకత్వమగును. అయినను ఆయన వచనములు తక్కిన శరణుల వచనములతోపాటే నిలిచినవి. కాయకము శుద్ధమా కాదా, దాసోహమున వెనుదీయునా తీయడా యన్నవే అచ్చట ముఖ్యములు.

నేటి కచేరీలలో ఈ వివేకము తలక్రిందులగుచున్నది. పని చక్కగా చేయువాడు ముభావముగా నుండెనని, బిగ్గరగా నవ్వెనని దూరమగుదురు; లెక్కలు తారుమారు చేయువాడు తీయగా మాటలాడినచో వానిని ఆప్తుడందురు.

ఓర్చుకొనుటకును హద్దు కలదు. హరళయ్య కుమారునకును మధువరసుని కుమార్తెకును కులమును లెక్కింపక పెండ్లి చేసినందుకు ఆ తండ్రులిద్దరును ఘోరశిక్షకు గురియైరని సంప్రదాయము. ఆ పెండ్లిని తప్పని యొప్పుకొని బిజ్జలుని కొలువున నిలుచుటకు బసవేశ్వరుడు సమ్మతింపక కూడలసంగమమునకు వెడలెను. తోడివాని కులమెత్తి చులకన చేయువాని యెదుట, పేదవాని కూలి కోయువాని యెదుట ఊరకుండుట సఖ్యము కాదు. చెప్పవలసినది మొదట వానితోనే, ఏకాంతమున చెప్పవలెను. (ముందుగా ఊరందరకు చెప్పి తుదకు వానికి తెలియజేయుట మనలో వాడుక, దానివలన చక్కబడిన వ్యవహారము అరుదు.)

ఇంతకంటె క్లిష్టమైన సందర్భమొకటి ఈ గోదావరి సీమతోనే ముడిపడి యున్నది. 'శివతత్త్వసారము' రచించిన మల్లికార్జున పండితారాధ్యుడు ద్రాక్షారామమున జన్మించినవాడు, బసవేశ్వరునకు సమకాలికుడు. ఉభయులకును శివభక్తియే ప్రాణము. కాని బసవేశ్వరుడు బాల్యముననే ఉపనయనమును కాదని ఇల్లు వెడలినవాడు. పండితారాధ్యుడు బ్రాహ్మణ్యముతోడి సంబంధమును త్రెంచుకొనలేదు. భక్తిపై ఎంత మక్కువ యున్నను ఆ పొత్తును విడువజాలనని ఆయన దాచక తెలిపినట్లు ప్రసిద్ధి.

ఇది చిన్న భేదము కాదు. కల్యాణమున నెత్తురు చిందినది ఈ కులవిషయముననే. హరళయ్య బంధువొకడు ఆ మాట విన్నచో వాని మనసు ఎంత నొచ్చియుండునో ఊహింపవచ్చును. అయినను పండితారాధ్యుడు తాను విడువని నియమమును తన వరకే నిలుపుకొనెను; బసవేశ్వరుని దారికి అడ్డు నిలువలేదు. భేదము వేరు, హాని వేరు. అంతియే కాదు, బసవేశ్వరుని కన్నులార చూడవలెనని శిష్యులతో కల్యాణమునకు బయలుదేరెను. త్రోవలోనే బసవేశ్వరుడు లింగైక్యమందెనను వార్త చెవిని బడెను. మిగుల దుఃఖించి శ్రీశైలమునకు సాగెను. ఒక్క విషయమున ఏకీభవింపని వానికై ఆయన కార్చిన కన్నీరది.

పాల్కురికి సోమనాథుడు బసవ పురాణమును వ్రాసెను. పండితారాధ్య చరిత్రమును వ్రాసెను. రెండును ద్విపదలే. బసవేశ్వరుని కొనియాడిన గంటమునకు పండితారాధ్యుని కొనియాడుట విరోధమని తోచలేదు. మన యిండ్లలోను మఠములలోను ఆ రెండు గ్రంథములును ఒకే బీరువాలో, ప్రక్కప్రక్కనే యుండుట కలదు.