కారు పెయింట్ మీద సన్నటి గీతలా? ముందు ఫోన్ టార్చ్ వెయ్యండి

మనం ఎప్పుడూ స్క్రీన్ గార్డులు, బ్యాక్ కేసుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కాస్త పెద్ద గ్యాడ్జెట్ తీసుకుందాం. అదే కారు. దీనికో కారణం ఉంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న కారును నేనే పాడు చేశాను. తర్వాత బాగు చేద్దామని కూర్చుని ఇంకొంచెం పాడు చేశాను. చివరికి ఎలాగోలా దారిలో పెట్టాననుకోండి.

మాది విజయనగరం జిల్లా గజపతినగరం. సాలూరు మీదుగా ఒడిశా వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని 43 అనే అంటారు. లారీల దుమ్ము ఏడాదంతా ఉండేదే. సంక్రాంతి ముందు అది చాలదన్నట్టు కుప్పనూర్పులు మొదలవుతాయి. చుట్టుపక్కల రోడ్ల మీదే వరి పరిచి నూరుస్తారు, ఊక గాలికి లేస్తుంది. చిన్నాన్న ఎన్నో ఏళ్లు కూడబెట్టి కొన్న నల్లటి సెకండ్ హ్యాండ్ సెడాన్ మీద ఇదంతా మందంగా పేరుకుంది. భోగి రోజు పొద్దున్నే దాని పక్కన ఫొటో దిగుదామని, భుజం మీది తువ్వాలు తీసి బానెట్‌ని పొడిగా తుడిచేశాను. తళతళలాడింది. ఫొటో కూడా బాగానే వచ్చింది.

ఎండెక్కాక చిన్నాన్న బయటికొచ్చి చూశారు. "ఏట్రా ఇది? కారు మీద సాలిగూడు అల్లీసినట్టుంది?"

అసలేం జరిగింది?

ఫోన్ డ్యూరబిలిటీ టెస్టులు చూసేవాళ్లకి మోస్ స్కేల్ తెలిసే ఉంటుంది. వజ్రానికి 10, క్వార్ట్జ్‌కి 7. ఫోన్ గ్లాస్ మీద సాధారణంగా 6 దగ్గర గీతలు మొదలవుతాయి. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే కాబట్టి, జేబులో ఉన్న ఒక్క ఇసుక రేణువు చాలు స్క్రీన్‌ని గీయడానికి. మరి కారు పైపూత గాజు కూడా కాదు. అది ప్లాస్టిక్ జాతికి చెందిన పొర, గాజుకంటే చాలా మెత్తన. వరి ఊకలో కూడా సిలికా బాగా ఉంటుంది. అంటే నేను తువ్వాలుతో చేసింది తుడవడం కాదు, ఉప్పుకాగితం పట్టడం.

కారు పెయింట్ ఒకటే పొర అనుకుంటాం గానీ కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ప్రైమర్, దాని మీద రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికంటే పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. అన్నీ కలిపినా ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందమే. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే కారుకి మెరుపునిచ్చేదీ, ఎండ నుంచి రంగుని కాపాడేదీ వెంట్రుక కంటే పల్చటి పొరన్నమాట.

సన్న గీతలు దాదాపు అన్నీ ఈ క్లియర్ కోట్‌లోనే ఉంటాయి. నునుపైన చోట కాంతి ఒకే దిక్కుకి తిరిగి వెళ్తుంది. గీత అంచుల దగ్గర చెదిరిపోతుంది. ఆ చెదిరిన కాంతే మనకి తెల్లగా కనిపిస్తుంది. నల్ల కారు మీద అయితే మరీ స్పష్టంగా. ఇంకో తమాషా ఏంటంటే గీతలు అడ్డదిడ్డంగానే ఉంటాయి, కానీ కాంతికి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి. అందుకే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ గుండ్రటి సాలెగూడులా కనిపిస్తుంది. డిటెయిలింగ్ చేసేవాళ్లు స్వర్ల్ మార్క్స్ అనేది వీటినే.

ఇప్పుడు అసలు పాయింట్. గీతని ఎవరూ "తీసెయ్యరు". గీత అంటే ఒక చిన్న లోయ. పాలిష్ చేసినప్పుడు ఆ లోయ పూడదు, చుట్టూ ఉన్న నేలని అరగదీసి లోయ అడుగుకి సమం చేస్తాం. అంటే ప్రతిసారీ కొంత క్లియర్ కోట్ పోతుంది, తిరిగి రాదు. ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ లాంటిదే ఇది. 92 శాతానికి పడిపోయాక మళ్లీ 100 అవ్వదు. తక్కువ ఖర్చుతో పని కానివ్వడమే తెలివి.

మూడు పరీక్షలు, పైసా ఖర్చు లేకుండా

సాయంత్రం నీడలో కారు పెట్టి ఫోన్ టార్చ్ వెయ్యండి. ఫోన్ ఎల్‌ఈడీ చిన్న చుక్కలాంటి వెలుగు కాబట్టి ట్యూబ్‌లైట్ కింద దాక్కునే గీతలు కూడా బయటపడతాయి. తర్వాత గోరుతో గీతకి అడ్డంగా మెల్లగా రాయండి. గోరు తట్టుకోకపోతే అది పైపైదే, చేత్తో సరిచెయ్యొచ్చు. తట్టుకుంటే లోతైనది. అడుగున తెల్లగానో బూడిద రంగుగానో కనిపిస్తే ప్రైమర్ దాకా వెళ్లిందని, ఇనుము కనిపిస్తే తుప్పు పట్టకముందే టచప్ పెయింట్ వెయ్యాలని అర్థం. అలాంటివాటి మీద పాలిష్ రుద్దడం దండగ. మూడోది నీళ్లు. గీత మీద నాలుగు చుక్కలు వెయ్యండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు.

కొన్నిసార్లు అది గీతే కాదు. బజార్లో ఆటో రాసుకుపోతే దాని పసుపు రంగు మన డోర్‌కి అంటుకుంటుంది. మదర్‌బోర్డ్ తుడవడానికి మనం వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉందిగా, దాన్ని గుడ్డకి పట్టించి మెల్లగా తుడిస్తే చాలాసార్లు వచ్చేస్తుంది. పెయింట్ షాపు థిన్నర్ జోలికి మాత్రం పోకండి. రీపెయింట్ చేసిన ప్యానెల్ అయితే అది రంగునే లేపేస్తుంది.

నా రెండో తప్పు

టూత్‌పేస్ట్. మీరూ ఆ వీడియోలు చూసే ఉంటారు. పళ్లని అరగదీసే పొడి ఉంటుంది కాబట్టి టూత్‌పేస్ట్ నిజంగానే కొంచెం పాలిష్ చేస్తుంది, అబద్ధం కాదు. కానీ ఆ రేణువుల్ని పళ్ల కోసం తయారు చేశారు, క్లియర్ కోట్ కోసం కాదు. కారు పాలిష్‌లో రేణువులు ఒకే సైజులో ఉండేలా చూస్తారు, చాలావాటిల్లో రుద్దేకొద్దీ అవి ఇంకా సన్నబడతాయి. పేస్ట్‌తో నేను ఒక గీత పోగొట్టి, ఆ చోటంతా మసకబార్చాను. ఆ మసక పోగొట్టాలని బానెట్ మధ్యలో ఉండే మడత గీత మీద ఇంకా గట్టిగా రుద్దాను. అంచుల మీద, మడతల మీద పెయింట్ మిగతా చోట్ల కంటే పల్చగా ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. గుడ్డకి నల్ల రంగు అంటింది. అక్కడితో ఆగాను.

ఇది గుర్తుపెట్టుకోండి. క్లియర్ కోట్ ఉన్న కారు మీద గుడ్డకి కారు రంగు అంటిందంటే పై పొర అయిపోయినట్టే, చెయ్యి తీసెయ్యాలి. క్లియర్ కోట్ లేని పాతకాలపు సింగిల్ స్టేజ్ పెయింట్ అయితే మాత్రం రంగు అంటడం మామూలే. మీ కారు ఏ రకమో ముందే తెలుసుకోండి. మ్యాట్ ఫినిష్ ఉన్నవాళ్లయితే ఈ ఆర్టికల్ ఇక్కడే ఆపెయ్యొచ్చు. దాన్ని పాలిష్ చేస్తే మచ్చలా మెరుస్తుంది.

బజార్లో పెయింటర్‌ని అడిగితే, ఆ మచ్చ వరకే క్లియర్ కొడితే అంచు తెలిసిపోతుంది, బానెట్ మొత్తం కొట్టాలి అన్నాడు. చిన్నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

సరిగ్గా చేసే పద్ధతి

ముందు నీళ్లు ధారగా కొట్టి ధూళి దింపాలి, ముట్టుకోకుండా. ఆ తర్వాతే కార్ షాంపూ, రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. ప్యానెల్ చల్లగా ఉండాలి, అంటే పొద్దున్నే గానీ నీడలో గానీ. అంచులు, మడతలు, నల్ల ప్లాస్టిక్ భాగాల మీద మాస్కింగ్ టేప్ వెయ్యండి.

షాపులో మూడు డబ్బాలు కనిపిస్తాయి. కాంపౌండ్ ముతక, పాలిష్ సన్నం, వ్యాక్స్ అసలు అరగదీసేదే కాదు, పైన కప్పేది. కొన్ని వ్యాక్స్‌లు గీతల్ని నింపి దాచేస్తాయి, నాలుగు వానలకి మళ్లీ బయటపడతాయి. మొదట పాలిష్‌తోనే మొదలుపెట్టండి. మైక్రోఫైబర్ ప్యాడ్ మీద బఠాణీ గింజలంత మూడు నాలుగు చుక్కలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఓ మోస్తరు ఒత్తిడితో రుద్దండి. శుభ్రమైన ఇంకో మైక్రోఫైబర్‌తో తుడిచి, సగం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్‌తో మరోసారి తుడవండి. పాలిష్‌లోని నూనె గీతల్ని దాచేస్తుంది, అది పోతేనే నిజం తెలుస్తుంది. మళ్లీ టార్చ్. 70, 80 శాతం గీతలు పోతే చాలు, అక్కడితో వదిలెయ్యండి. ఏమీ తేడా లేకపోతేనే కాంపౌండ్ తీసి, అదీ ఆ చిన్న చోటులోనే ప్రయత్నించి, తర్వాత మళ్లీ పాలిష్‌తో ముగించండి. గుడ్డ నేల మీద పడితే మాత్రం దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి.

మెషిన్ కావాలంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి. అది తిరుగుతూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకచోటే చేరదు. డ్రిల్ మెషిన్‌కి ప్యాడ్ తగిలించే ఐడియా మాత్రం వద్దు. నేను చేత్తోనే చేశాను. బానెట్‌కి రెండు సాయంత్రాలు పట్టింది, భుజాలు పడిపోయాయి.

9హెచ్ సంగతి

పాలిష్ అయ్యాక సిరామిక్ కోటింగ్ అమ్మేవాళ్లు 9హెచ్ హార్డ్‌నెస్ అంటారు. టెంపర్డ్ గ్లాస్ డబ్బా మీద కూడా ఇదే నంబర్ చూస్తాం. ఇది మోస్ 9 కాదు. పెన్సిళ్లతో చేసే పరీక్షలో 9హెచ్ పెన్సిల్ గీత పడలేదని మాత్రమే దాని అర్థం. పెన్సిల్ ముల్లు గ్రాఫైటూ బంకమట్టీ. ఇసుకకి ఆ నంబర్‌తో పనిలేదు. కోటింగ్ వల్ల నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, అది నిజమైన లాభమే. గీతల నుంచి కాపాడాలంటే పీపీఎఫ్ అనే మందపాటి పారదర్శక ఫిల్మ్ ఉంది, కానీ ఖరీదు. మంచి ఫిల్మ్‌ల మీద సన్నటి గీతలు వేడి తగిలితే వాటంతటవే మానతాయి. ఎల్‌జీ 2013లో జీ ఫ్లెక్స్ ఫోన్ వెనకవైపు ఇలాంటి పూతే వేసింది. నిస్సాన్ అయితే అంతకుముందే కార్లకి స్క్రాచ్ షీల్డ్ పెయింట్ తయారు చేసి, 2012లో దాంతో ఐఫోన్ కేస్ కూడా చూపించింది.

మా కారుకి ఇవేవీ లేవు. సాలెగూడు పోయింది. మడత మీది మచ్చ రూపాయి బిళ్లంత అలాగే ఉంది, దాని మీద వ్యాక్స్ రాస్తూ నెట్టుకొస్తున్నాం. కుప్పనూర్పుల రోజుల్లో ఇప్పుడు కారు మీద కవర్ కూడా కప్పడం లేదు. ధూళి మీద కవర్ ఊగినా అదీ రాపిడే కదా. పొద్దున్నే పైపుతో నీళ్లు కొడతాం, అంతే. నేను తువ్వాలుతో అటువైపు వెళ్తే మాత్రం చిన్నాన్న ఇప్పటికీ లేచి నిలబడతారు.