కారు బంపర్ కింది పట్టీ: మనమే మార్చుకునే పద్ధతి

కారు ముందు నిలబడి కొంచెం వంగి చూస్తే, బంపర్ అడుగున నల్లని ప్లాస్టిక్ పట్టీ ఒకటి కనబడుతుంది. దీన్ని మెకానిక్కులు లిప్ అంటారు, అంటే పెదవి. కొన్ని కార్లకు ఇది బంపర్‌లోనే కలిసి ఉంటుంది, కొన్నింటికి విడిగా బిగించి ఉంటుంది. విడిగా ఉన్న పట్టీని ఎలా మార్చాలో మేము ఒక ఆదివారం నేర్చుకున్నాం. మన హాస్టల్లో చదివినవారిలో డ్రైవింగ్ వృత్తిలో ఉన్న అన్నలు చాలామంది ఉన్నారు కాబట్టి, వారికి పనికొస్తుందని రాస్తున్నాం. పదో తరగతి తమ్ముళ్ళకు ఇందులో కొంచెం లెక్కలు, కొంచెం భౌతికశాస్త్రం కూడా దొరుకుతాయి.

ఆ రోజు మన పాత విద్యార్థి అన్న ఒకరు తన టాక్సీతో హాస్టల్‌కు వచ్చారు. ఆయన కోదాడ–జడ్చర్ల రోడ్డు మీద, మిర్యాలగూడ, హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా బాడుగలు తోలుతారు. పెద్ద రోడ్డు దిగి ఒక ఊళ్ళోకి పోతుంటే స్పీడ్ బ్రేకర్ తగిలి పట్టీ సగం ఊడింది. తాడుతో కట్టుకుని వచ్చారు. అంతకుముందు ఒక వర్క్‌షాపులో చూపిస్తే బంపర్ మొత్తం మార్చాలి, రంగుతో కలిపి తొమ్మిది వేలు, మూడు రోజులు బండి వదిలిపెట్టాలి అన్నారట.

"పెదవి పగిలితే మొఖం మారుస్తమంటే ఎట్ల తమ్మీ? అయిదో తారీఖు కిస్తీ కట్టాలె. మూడు దినాలు బండి నిలబడితే ఏం కట్టాలె?" అన్నారు అన్న.

మాలో ఒకరు ఐటీఐలో మోటార్ మెకానిక్ చదువుతున్నారు. బండి కింద పడుకుని చూసి, బంపర్ బాగానే ఉంది, పట్టీ ఒక్కటే పోయిందని తేల్చారు. విడిభాగాల దుకాణంలో కంపెనీ పట్టీ 1,150 రూపాయలకు, క్లిప్పులు ఒక్కొక్కటి 15 రూపాయలకు దొరికాయి.

"అసలు గిది తీసేస్తే ఏమైతది?" అని మాలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఊళ్ళ మధ్య నలభై వేగంతో తిరిగే బండికి పెద్ద తేడా తెలియదు. పెద్ద రోడ్డు మీద తెలుస్తుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. కారు అడుగు నున్నగా ఉండదు. సైలెన్సర్, ఇంజన్ ఆయిల్ తొట్టి, ఇరుసులు అన్నీ వేలాడుతూ ఉంటాయి. ముందు నుంచి వచ్చే గాలి వాటికి కొట్టుకుని బండిని వెనక్కి లాగుతుంది. పట్టీ ఆ గాలిలో కొంత భాగాన్ని అడుగుకు పోనీయకుండా పక్కలకు, పైనున్న రేడియేటర్ వైపుకు మళ్ళిస్తుంది. పట్టీ వెనుక గాలి పీడనం కూడా తగ్గుతుంది కాబట్టి రేడియేటర్ గుండా గాలి బాగా లాగబడుతుంది. అందుకే పట్టీ లేని కొన్ని కార్లు ఎండాకాలం ఏసీ వేసుకుని పోతుంటే తొందరగా వేడెక్కుతాయి. వేగంలో ముందు చక్రాలు తేలికపడకుండా కూడా ఇది సాయపడుతుంది. 1972 మోడల్ పోర్షే 911 ఎస్ కారుకు ముందు అడుగున ఇలాంటి పెదవి పెట్టింది ఆ పని కోసమే. మన టాక్సీలకు అంత వేగం లేదు గానీ సూత్రం అదే.

ఇక పని సంగతి. ముందు బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా పెద్ద రాళ్ళు పెట్టాం. తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాం. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాం. చాలా కార్లలో ఇంజన్ ఆపిన తర్వాత కూడా వేడికి రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది, వేళ్ళు అక్కడ ఉంటే తెగిపోతాయి. జాకీ ఎత్తితే చేయి బాగా దూరుతుంది గానీ, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి తల పెట్టకూడదు. ఇటుకలు పేర్చడం ఇంకా ప్రమాదం, బరువుకు ఒక్కసారిగా పొడి అయిపోతాయి. స్టాండు లేకపోతే జాకీ ఎత్తకుండానే చేయవచ్చు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే చక్రం వెనుక స్క్రూలు బయటపడతాయి, మిగిలినవి బంపర్ ముందు కూర్చునే అందుకోవచ్చు. మేము అలాగే చేశాం.

కావలసిన సామాను కొంచెమే: స్టార్ స్క్రూ డ్రైవర్, చపటా స్క్రూ డ్రైవర్, పది నంబర్ పానా, కొంచెం కిరోసిన్, పాత బ్రష్షు. ఇంకా వంటగదిలోంచి ఒక ఇడ్లీ రేకు తెచ్చుకున్నాం. నవ్వకండి. ఎడమ పక్క స్క్రూలు ఒక గుంటలో, కుడి పక్కవి ఇంకో గుంటలో, నడిమివి మరో గుంటలో వేస్తే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. పొడవు స్క్రూను పొట్టి దాని చోట బిగిస్తే లోపలి ప్లాస్టిక్‌ను పొడిచేస్తుంది.

మట్టి నిండిన స్క్రూను అలాగే తిప్పితే దాని తల అరిగిపోతుంది. ముందు నీళ్ళతో కడిగి, బ్రష్షుతో రుద్ది, తుప్పు ఉన్నచోట కిరోసిన్ పోసి పావుగంట వదిలేశాం. ప్లాస్టిక్ క్లిప్పులకు రెండు భాగాలు ఉంటాయి. నడుమ ఉన్న మేకును చపటా స్క్రూ డ్రైవర్‌తో మెల్లగా పైకి లేపితే చుట్టూ ఉన్న గూడు వదులవుతుంది, అప్పుడు మొత్తం వస్తుంది. మేకును లేపకుండా గుంజితే విరుగుతుంది. మేము మొదటి మూడూ విరగ్గొట్టిన తర్వాతే ఈ సంగతి తెలిసింది. పొగమంచు దీపాల తీగలు అక్కడే ఉంటాయి, వాటిని లాగకూడదు. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు కూడా బంపర్ వెనుక ఉంటాయి, వాటి జోలికి అసలే పోకూడదు.

పాత పట్టీ ఊడి చేతికొచ్చాక వెనుక తిప్పి చూస్తే పీపీ అన్న అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయి. అంటే పాలీప్రొపిలీన్. ఇలాంటి ప్లాస్టిక్కుల మీద పనికే జీగ్లర్, నట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. దీనికి ఫెవిక్విక్ గానీ ఎం‌‌సీల్ గానీ పట్టదు. పట్టినట్టు కనిపించి నాలుగు రోజుల్లో ఊడుతుంది. బంపర్ వైపు ఒక రంధ్రం చిరిగి ఉంటే పెద్ద వాషర్ వేసి బిగించడమే మేలు.

కొత్త పట్టీని ముందు నడిమి స్క్రూతో వేలాడదీసి, తర్వాత రెండు చివరలు పట్టించి, అన్నీ చేతితోనే వదులుగా తిప్పాం. ఆ తర్వాత నడుమ నుంచి చివరలకు బిగించుకుంటూ పోయాం. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండో చివరకు వచ్చేసరికి రంధ్రాలు కలవవు.

పట్టీకి రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా ఎందుకున్నాయని అడిగితే మొదట ఎవరికీ తోచలేదు. లెక్క వేస్తే తెలిసింది. ఈ ప్లాస్టిక్ ఒక మీటరుకు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. పట్టీ పొడవు మీటరున్నర. చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకుంటే తేడా 30. అంటే 4.5 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవు ఇనుము అర మిల్లీమీటరు పైచిలుకే సాగుతుంది. ఆ కదలికకే కోల రంధ్రాలు. బలమంతా పెట్టి బిగిస్తే పట్టీ కదలలేక అలలు అలలుగా లేస్తుంది, లేదా చెవి దగ్గర పగులుతుంది. స్క్రూ ఆగిన తర్వాత పావు చుట్టు చాలు.

స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రం పట్టీకి రాసుకోవడం లేదని చూశాం. ఒక రోజు బండి నడిచిన తర్వాత మళ్ళీ అన్నీ తడిమి చూసుకోమని అన్నకు చెప్పాం. మొత్తం పని రెండున్నర గంటలు, అందులో గంట మేము వాదించుకున్నదే.

ఎవరో ముందర ఇనుప గార్డు బిగించుకోమన్నారని అన్న చెప్పారు. వద్దన్నాం. అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. ప్లాస్టిక్ తగిలిన మనిషికీ ఇనుము తగిలిన మనిషికీ తేడా ఉంటుంది.

అయితే అదే స్పీడ్ బ్రేకర్ మళ్ళీ పట్టీని పీకేస్తే ఎలా? మరుసటి వారం టేపు పట్టుకుని అన్నతో పాటు పోయి కొలిచాం. వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 15. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణంలో వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్థం 17 మీటర్లు ఉండాలని ఉండేది. వృత్తాల పాఠం గుర్తు తెచ్చుకోండి: రెండు జ్యాలు ఖండించుకుంటే వాటి ఖండాల లబ్ధాలు సమానం. సగం వెడల్పు వర్గాన్ని ఎత్తుతో భాగించి, ఎత్తు కలిపితే వ్యాసం వస్తుంది. 30 వర్గం 900, దాన్ని 15తో భాగిస్తే 60, పదిహేను కలిపితే 75. వ్యాసార్థం 37.5 సెంటీమీటర్లు! ఆ ప్రమాణంలో ఉన్నది 17 మీటర్లు.

బండి పట్టీ ముందు ఇరుసుకు 75 సెంటీమీటర్లు ముందుంది. ప్రమాణం ప్రకారం కట్టిన దాని నడినెత్తికి పట్టీ చేరేసరికి చక్రం అప్పటికే 8 సెంటీమీటర్లు పైకెక్కి ఉంటుంది, కాబట్టి తగలదు. ఈ ఊరి దాని మీద పట్టీ నడుమకు వచ్చినా చక్రం ఇంకా కిందనే ఉంటుంది. ఖాళీ బండిలో పట్టీ నేలకు 18 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. మేము అయిదుగురం ఎక్కి కూర్చుంటే 14కు దిగింది. బ్రేకు వేస్తే ముక్కు ఇంకా వంగుతుంది.

కొలుస్తుంటే పక్కన బడి నుంచి పిల్లలు వచ్చి చుట్టూ మూగారు. రెండేళ్ళ కింద అక్కడ ఒక పిల్లవాడికి బండి తగిలిందట, ఆ రాత్రే ఊరివాళ్ళు చందాలు వేసుకుని సిమెంటు పోసుకున్నారు. రాత్రిపూట గడ్డపారతో దాన్ని తవ్వేద్దామన్న డ్రైవర్లు కూడా ఉన్నారని అన్న చెప్పారు. ఆయన మాత్రం ముందుగానే బ్రేకు వేసి, ఎక్కేముందు కాలు తీసేసి, బండిని కొంచెం ఏటవాలుగా తిప్పి ఒక్కొక్క చక్రాన్నీ ఎక్కించారు. ఒక మూల లేచాకే రెండో మూల వచ్చింది. పట్టీ తగలలేదు. మేము కిందికి వంగి చూశాం, దాదాపు రెండు వేళ్ళ సందు.