తొలి పాలిషింగ్ మిషన్: ఎంపిక, వాడకం

గౌరవ దాతలారా, నూజివీడులో మామిడి కోతలు ముగిస్తే మన కుర్రాళ్లకు పని తగ్గుతుంది. కారు పాలిషింగ్ సీజన్‌తో నిమిత్తం లేని విద్య. అందుకే మిషన్ కొనిచ్చే ముందు ఈ పాఠం.

ఎంపిక: రోటరీ మిషన్ ఒకే ఇరుసుపై గిరగిరా తిరుగుతుంది, కొత్తవారి చేతిలో వేడెక్కి రంగు కాలిపోవచ్చు. డ్యూయల్ యాక్షన్ మిషన్‌లో ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది, వేడి తక్కువ. మొదట ఇదే కొందాం.

వాడకం: కారును నీడలో కడిగి ఆరబెట్టాలి. అంచులకు టేపు అంటించాలి. ఫోమ్ ప్యాడ్‌పై బఠానీ గింజంత పాలిష్ 4 చుక్కలు చాలు. ప్యాడ్ ఆనించాకే స్విచ్ వేయాలి. 2 అడుగుల మేర నిదానంగా అడ్డం, నిలువు నడిపి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి.

రంగుపై ఉండే క్లియర్ కోట్ సాధారణంగా వెంట్రుక కన్నా పలుచన. అరిగితే తిరిగి రాదు. పరాయివారి కారు మన చేతిలో అమానత్. కాబట్టి మిషన్‌తోపాటు, చేయి తిరగడానికి విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పాత డోరు కూడా ఇప్పించమని మా మనవి.