ఉత్తమ డ్రైవర్ అవార్డు: ఇచ్చేవారికి కొన్ని జాగ్రత్తలు

దిల్‌సుఖ్‌నగర్ డిపో అయినా, ఎల్బీనగర్ దాటాక వచ్చే హయత్‌నగర్ అయినా ఆర్టీసీలో డ్రైవర్, కండక్టర్ల సన్మానాలు చాలావరకు మూడు లెక్కల మీదే నడుస్తాయి. ప్రమాదం లేకుండా ఎన్నేళ్లు నడిపారు, లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారు, కిలోమీటరుకు ఎంత రాబడి తెచ్చారు. జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు రాగానే మొదటి లెక్కకు శాలువాలు కప్పుతారు. కప్పవలసిందే, కోఠి నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రద్దీలో ఏళ్ల తరబడి గీత పడకుండా బస్సు నడపడం మామూలు విషయమా? అయితే బహుమతి దేనికి పెడితే మనిషి చూపు దాని మీదే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

చేయవలసినవి

బండి తీయనన్న డ్రైవరును ముందు వేదిక మీదికి పిలవండి. బ్రేకులకు గాలి నిలవడం లేదని తెల్లవారుజామునే రాసిచ్చి బస్సును గ్యారేజీకి పంపిన ఆయన వల్ల ఆ రోజు ఒక ట్రిప్పు పోతుంది, రాబడి తగ్గుతుంది. లెక్కల్లో ఆయన వెనకబడినట్టే కనిపిస్తాడు. కాపాడినది మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ఆ లోపం సరిచేసిన మెకానిక్‌నూ పక్కనే నిలబెట్టండి.

తృటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పినవారికి మార్కులు వేయండి. అమెరికాలో పని భద్రత చూసే ఓషా సంస్థ 2018లో ఇచ్చిన వివరణ కూడా, ఇలా ముందుగా చెప్పినవారికి ఇచ్చే బహుమతులకు అభ్యంతరమే లేదంది.

డీజిల్ పొదుపును ఒకే రూటు, ఒకే రకం బస్సు మధ్య పోల్చండి. సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే సిటీ బస్సునూ విజయవాడ హైవే బస్సునూ ఒకే పట్టికలో పెడితే అది పోటీ అనిపించుకోదు.

చేయకూడనివి

"ఏడాదంతా ఒక్క గాయమూ కాకపోతే గ్యారేజీ మొత్తానికి బహుమతి" అని ప్రకటించవద్దు. డిసెంబరులో వేలు నలిగిన హెల్పర్ పదిమంది నోటి దగ్గరి కూడు ఎందుకు తీయాలని గుడ్డ చుట్టుకుని పని చేస్తాడు. గాయం అయ్యేది అవుతూనే ఉంటుంది, కాగితం మీద మాత్రం కనపడదు.

ఫ్లైఓవర్ దిగుడులో న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చేవారిని మెచ్చుకోవద్దు. ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజనే ఆపేస్తే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది, కంప్రెసర్ ఆగి బ్రేకులకు కొత్తగా గాలి అందదు. పైగా ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ దానంతటదే ఆగుతుంది. అంటే ఆ తిప్పలకు లాభం కూడా లేదు.

ఫుట్‌బోర్డు మీద వేలాడే జనాన్ని రాబడిగా లెక్కగట్టవద్దు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ పెరిగింది. తలుపు దగ్గర జనం సర్దుకునేదాకా బస్సు కదలనివ్వని కండక్టరు పేరూ రాసుకోండి.

డబుల్ డ్యూటీలను 'అంకితభావం' కింద జమకట్టవద్దు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది ఊరికే కాదు.

చివరగా సభ సంగతి. బస్సులు వెనక్కి తిరిగే చోట కుర్చీలు వేయవద్దు. రాత్రి డ్యూటీ దిగిన మనిషిని దండ కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, సాయంత్రం మళ్లీ స్టీరింగ్ పట్టించవద్దు. ఆ రోజుకు జీతంతో సెలవు ఇవ్వండి.