బరువు తగ్గించే ఆపరేషన్: ఒక రోజు చికిత్స, జీవితకాలపు జాగ్రత్త

"డాక్టరు గారూ, ఆపరేషన్ చేయించుకుంటే ఇక పథ్యం ఉండనక్కర లేదు కదా?" బరువు తగ్గించే ఆపరేషన్ గూర్చి తెలుసుకోవడానికి వచ్చేవారు తరచుగా వేసే ప్రశ్న ఇది. పథ్యం ఉండాలి, అదీ జీవితాంతం ఉండాలి అన్నదే దీనికి జవాబు. ఆపరేషన్ కొద్ది గంటల్లో అయిపోతుంది. ఆ తరువాత దానిని కాపాడుకునే పని రోగిది, రోగి ఇంటివారిది. కాబట్టి ఈ నిర్ణయం ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించి తీసుకోవలసినది. ఆ ఆలోచనకు సాయపడాలని ఈ పాఠం.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఇంటి తల్లికి 46 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. చాలాకాలంగా షుగరు ఉంది, ఇన్సులిన్ వేసుకుంటున్నా అదుపులోకి రావడం లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేకపోతున్నారు. రాత్రి గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేస్తున్నారు. పథ్యం చేసి మూడు నాలుగుసార్లు బరువు తగ్గారు, ప్రతిసారీ మళ్లీ పెరిగారు. ఈమె ఆపరేషన్ చేయించుకోవచ్చునా?

మొదట నింద మానుదాం

"నోరు కట్టుకుంటే సరిపోదా?" అని బంధువులు అనడం సహజం. కాని బరువు తగ్గినప్పుడల్లా శరీరం దానిని నష్టంగా లెక్కించి ఆకలిని పెంచుతుంది, ఖర్చుచేసే శక్తిని తగ్గిస్తుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు. పథ్యంతో బరువు తగ్గినవారిలో ఈ హార్మోను పెరుగుతుంది. వంశపారంపర్యం, నిద్రలేమి, కొన్ని రకాల మందులు కూడా బరువు పెరగడానికి కారణాలే. కాబట్టి స్థూలకాయాన్ని జబ్బుగా చూడాలి. ఇంట్లోగాని సంఘంలోగాని "తిండిపోతు" అనే మాట ఎవరినీ అనకూడదు. ఆ మాటకు భయపడి, చికిత్సకు రావలసినవారు రాకుండా ఉండిపోతారు.

ఈ ఆపరేషన్ ఎవరికి?

బి.ఎమ్.ఐ. అనే కొలతతో మొదలుపెడతారు. ఎత్తును మీటర్లలో తీసుకొని, ఆ అంకెను దానితోనే గుణించాలి. వచ్చిన దానితో కిలోల బరువును భాగించాలి. మన ఉదాహరణలో 1.55 × 1.55 = 2.40. 98ని 2.40తో భాగిస్తే సుమారు 41 వస్తుంది.

బి.ఎమ్.ఐ. 40 ఉన్నవారికి, లేక 35 దాటి తీవ్రమైన జబ్బులు కూడా ఉన్నవారికి ఈ ఆపరేషన్ తగునని 1991లో అమెరికా నిపుణులు చెప్పారు. 2022లో రెండు సర్జన్ల సంఘాలు దీనిని సవరించాయి. 35 ఉంటే వేరే జబ్బులు లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చునని, ఆసియా ప్రజల విషయంలో 27.5 నుండే పరిశీలించవచ్చునని చెప్పాయి. మనవారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు వస్తుంది గనుక ఈ తేడా పెట్టారు. అంతమాత్రాన 27.5 ఉన్న ప్రతివారికీ ఆపరేషన్ అవసరమని కాదు. జబ్బులు, వయస్సు, ఇంతకుముందు చేసిన ప్రయత్నాలు అన్నీ చూడాలి.

మద్యపానం మానలేనివారు, తీవ్రమైన మానసిక వ్యాధికి ఇంకా చికిత్స తీసుకోనివారు, గర్భవతులు అప్పటికి ఆగాలి. పెళ్లి సంబంధం కుదరాలని, అందంగా కనిపించాలని చేయించుకునే ఆపరేషన్ కాదిది.

మందుల సంగతి కూడా అడగండి. వారానికి ఒకసారి వేసుకునే టిర్జెపటైడ్, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి వచ్చాయి. కొందరికి ఇవే చాలవచ్చు. అయితే మానేస్తే చాలామందిలో బరువు తిరిగి వస్తుంది.

ఆపరేషన్‌లో ఏమి చేస్తారు?

పొట్టమీద చిన్న రంధ్రాలు చేసి, వాటిగుండా కెమెరాతో చూస్తూ చేస్తారు. ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

1. స్లీవ్ పద్ధతి: జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టంగా ఉంచుతారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది గనుక ఆకలి తగ్గుతుంది. తీసిన భాగాన్ని తిరిగి పెట్టలేరు. ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారికి ఇది ఆ బాధను పెంచవచ్చు.

2. బైపాస్ పద్ధతి: జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల, అంటే రెండు పెద్ద చెంచాల, సంచి చేసి దానిని చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం మిగిలిన జీర్ణాశయాన్ని, ప్రేగు మొదటి భాగాన్ని దాటిపోతుంది. షుగరుమీద బాగా పనిచేస్తుంది. విటమిన్ల లోపం వచ్చే అవకాశం కూడా ఎక్కువే.

లాభమెంత, ప్రమాదమెంత?

మొదటి ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో సుమారు నాలుగో వంతునుండి మూడో వంతువరకు తగ్గవచ్చు. మన ఉదాహరణలోని తల్లి 70 కిలోల దగ్గరకు రావచ్చు. "పెళ్లినాటి 52 కిలోలు" అని ఆశపడితే నిరాశే మిగులుతుంది. ఆ 70 కిలోలకే మోకాళ్లమీద భారం తగ్గుతుంది, నిద్రలో ఊపిరి ఆగడం తగ్గుతుంది, షుగరు మందులు తగ్గుతాయి. కొందరిలో షుగరు మందులు పూర్తిగా ఆగిపోతాయి. ఎన్నో ఏళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవారిలో మాత్రం ఆ అవకాశం తక్కువ. స్వీడన్ దేశంలో 1987లో మొదలైన దీర్ఘకాల పరిశీలన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయని వాటిలో తేలింది.

ప్రమాదం లేని ఆపరేషన్ లేదు. అనుభవమున్న కేంద్రాలలో ప్రాణాపాయం సుమారు వెయ్యిమందిలో ఒకరికి. కుట్లు వేసినచోట కారడం, రక్తస్రావం, కాలి నరాలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం – ఈ మూడూ మొదటి వారాలలో భయపడవలసినవి.

సంతకం చేయకముందు

సర్జను గారిని మొహమాటం లేకుండా అడగండి: "నాకు ఏ పద్ధతి, ఎందుకు? మీరు ఇటువంటివి ఎన్ని చేశారు? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలి? ఆపరేషన్ ఖర్చు కాక ప్రతి ఏడాది మందులకు, పరీక్షలకు ఎంత అవుతుంది?" ఈ చివరి ప్రశ్న చాలామంది మరచిపోతారు. అప్పుచేసి ఆపరేషన్ చేయించుకొని, తరువాత మాత్రలు కొనలేక మానేస్తే ఆరోగ్యం చెడుతుంది.

ఆరోగ్య బీమా ఉంటే పాలసీ చదవండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సాధారణంగా బి.ఎమ్.ఐ. 40, లేక 35తో పాటు తీవ్రమైన జబ్బులు ఉండి, ఇతర చికిత్సలు ఫలించకపోతేనే ఈ ఖర్చు ఇస్తారు. ముందుగా వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు, ఎండోస్కోపీ, గుండె పరీక్షలు చేస్తారు. సుమారు రెండు వారాలు తక్కువ క్యాలరీల పథ్యం పెడతారు. దానివల్ల కాలేయం చిన్నదై సర్జను గారికి పని సులువవుతుంది. బీడీ, సిగరెట్టు, గుట్కా ఏదైనా కొన్ని వారాల ముందే మానాలి, మళ్లీ ముట్టకూడదు.

ఇంటికి వచ్చాక తిండి

మీ ఆసుపత్రి ఇచ్చిన పట్టికనే పాటించండి. సాధారణంగా వరుస ఇలా ఉంటుంది:

- మొదటి కొద్దిరోజులు: నీళ్లు, పలుచని మజ్జిగ తేట, పప్పుకట్టు తేట, వడకట్టిన సూపు. చెంచాతో గుక్క గుక్కగా తీసుకోవాలి.
- రెండవ వారం చివరివరకు: చక్కెర లేని పాలు, మజ్జిగ, ప్రొటీన్ పొడి కలిపిన ద్రవాలు.
- మూడు, నాలుగు వారాలు: మిక్సీలో మెత్తగా చేసిన పప్పు, పెరుగు, గుడ్డు.
- ఐదు, ఆరు వారాలు: మెత్తని ఇడ్లీ, ముళ్లు తీసిన చేప, బాగా ఉడికిన కూర.
- ఆ తరువాత: ఇంట్లో అందరూ తినేదే, కొద్ది కొద్దిగా.

రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. అందుచేత కంచంలో మొదట గుడ్డు, చేప, చికెన్, పప్పు, పనీరు తిని, అన్నం చివరకు ఉంచాలి. భోజనం మధ్య నీళ్లు త్రాగకూడదు. తిన్నాక అరగంట ఆగి, రోజంతా గుక్కలుగా ఒకటిన్నర లీటర్లు త్రాగాలి. బైపాస్ అయినవారు తీపి ఎక్కువగా తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు కలుగుతాయి.

షుగరు ఉన్నవారు పాత మోతాదులో ఇన్సులిన్ వేసుకోకూడదు. ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే షుగరు తగ్గడం మొదలవుతుంది, పాత మోతాదు వేస్తే ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇది మాత్రం తప్పక జ్ఞాపకముంచుకోండి

మన ఉదాహరణలోని తల్లికి మూడవ వారంలో వాంతులు మొదలయ్యాయనుకోండి. నాలుగు రోజులైనా తగ్గలేదు. "నీరసంగా ఉంది, వీధి చివర క్లినిక్కులో గ్లూకోజు బాటిల్ ఎక్కిద్దాం" అని ఇంటివారు అనుకుంటారు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. వాంతులు ఆగకపోతే శరీరంలో విటమిన్ బి1 కొద్ది వారాలలోనే అయిపోతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు, నరాలు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనబడడం, నడకలో తూలడం, మాట తికమకపడడం, పాదాలు మొద్దుబారడం దాని గుర్తులు. ఎక్కడికి తీసుకువెళ్లినా "ఈమెకు బరువు తగ్గించే ఆపరేషన్ అయింది, బి1 ఇచ్చారా?" అని డాక్టరు గారిని, సిస్టరును అడగండి. ఆపరేషన్ కాగితం పర్సులో ఉంచండి.

జ్వరం, పెరిగే కడుపునొప్పి, విశ్రాంతిలో కూడా గుండెదడ, ఆయాసం, ఒక కాలు వాచడం, నల్లని విరేచనం – వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే వెళ్లండి.

ఏళ్ల తరబడి చేయవలసినవి

విటమిన్లు, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. మొదటి ఏడాది మూడు నాలుగుసార్లు, తరువాత ఏటా రక్తపరీక్ష చేయించాలి. మూడవ నెలనుండి జుట్టు రాలవచ్చు. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే చాలామందిలో అది తిరిగి వస్తుంది. బైపాస్ అయినవారు ఒళ్లునొప్పులకు అడగకుండా మాత్రలు కొని మింగకూడదు. వాటిలో కొన్ని అల్సరు కలిగిస్తాయి. బరువు తగ్గినకొద్దీ గర్భం ధరించే అవకాశం పెరుగుతుంది గనుక యువతులు 12 నుండి 18 నెలలు ఆగేలా డాక్టరు సలహా తీసుకోవాలి. ఉపవాసముండే అలవాటున్నవారు డాక్టరును అడగకుండా ఉండకూడదు, నీళ్లు అసలే మానకూడదు.

రెండేళ్ల తరువాత కొందరికి కొంత బరువు తిరిగి వస్తుంది. సిగ్గుపడి ఆసుపత్రికి రావడం మానకండి. అప్పుడే రావాలి.

ఇంటివారి వంతు

"ఇంతేనా తినేది? ఇంకో ముద్ద తినమ్మా" అని అత్తగారు ప్రేమతోనే అంటారు. ఆ ఒక్క ముద్దే వాంతికి కారణం కావచ్చు. విందులో బలవంతం చేయకండి. చిన్న పళ్లెంలో, నెమ్మదిగా, అరగంటసేపు తిననివ్వండి. సాయంత్రం ఆమెతో కలసి నడవండి. మాత్రల డబ్బా ఎవరు చూడాలో ముందే నిర్ణయించుకోండి.

కుటుంబమంతా కలసి మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. ఈ ఆపరేషన్ ఏ జబ్బు తగ్గాలని కోరుకుంటున్నాము? ఎంత బరువు తగ్గుతుందని ఆశిస్తున్నాము?
2. మొదటి ఆరు వారాలు వేరుగా వంట ఎవరు చేస్తారు?
3. ఏటా మాత్రలకు, పరీక్షలకు డబ్బు ఎక్కడనుండి వస్తుంది?
4. రాత్రివేళ ప్రమాదం వస్తే ఏ ఆసుపత్రికి, ఏ వాహనంలో వెళ్తాము?
5. ఆమె కొద్దిగా తింటుంటే మనమేమి అనకూడదు?

ఈ ఐదింటికీ జవాబులు దొరికిన ఇల్లు ఆపరేషన్‌కు సిద్ధంగా ఉన్నట్లే. దొరకకపోతే తొందరపడకండి. ఇంకొక నెల ఆగి, మరొకసారి డాక్టరు గారితో మాట్లాడండి.