ఋణమెరిగిన చూపు



ఉద్యోగం కోసం హైదరాబాదు చేరిన యువతకు వానాకాలపు ఆదివారం వృథాగా పోయిన సెలవులా తోచడం సహజం. ముసురు పట్టి, వీధుల్లో నీళ్లు నిలిచి, అనుకున్న ప్రయాణాలన్నీ వాయిదా పడినప్పుడు గదిలో ఫోను చూస్తూ కూర్చోవడం తప్ప వేరే దారి కనిపించదు. కాని మ్యూజియం చూడడానికి అంతకంటె అనువైన రోజు దొరకదు. ఒక తరం చేసిన వస్తువును వేరొక తరం సేకరించి, ఇంకొక తరం కాపాడి, తర్వాతి తరానికి అప్పగించే ఏర్పాటుకే మ్యూజియం అని పేరు. ఆ అప్పగింతలో ఎవరెవరి చేయి ఉన్నదో తెలుసుకొన్నవారికే నిజమైన కృతజ్ఞత కలుగుతుంది. ఎవరికి ఋణపడినదీ తెలియని కృతజ్ఞత మర్యాదమాటగానే మిగిలిపోతుంది.

మూసీ నది దక్షిణపుటొడ్డున, దారుల్‌షిఫాలో ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసివేసి, ఆదివారం తెరచి ఉంటుంది. మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడైన మీర్ యూసుఫ్ అలీఖాన్ అవివాహితుడుగా 1949లో మరణించగా, ఆయన సేకరణను 1951 డిసెంబరు 16న ఆ వంశపు నివాసమైన దివాన్ దేవిడీలో ప్రజల సందర్శనకు తెరిచారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. ఇప్పటి భవనంలోకి అది 1968లో మారింది. అక్కడ గంటగంటకూ గడ్డం ఉన్న ఒక బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడుతారు. ఆ సమయంలోనే ముసుగు రెబెక్కా విగ్రహమున్న గది కాస్త ఖాళీగా దొరుకుతుంది. బైబిలు కథలో రెబెక్కా తనకు కాబోయే భర్తను దూరాన చూసి ముసుగు కప్పుకొన్న స్త్రీ. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన ఈ శిల్పాన్ని, మూడవ సాలార్‌జంగ్‌కు తాత అయిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. ముఖమూ, దానిమీది ముసుగూ ఒకే పాలరాతివైనా, పలుచని బట్ట వెనుక నుంచి కళ్లూ, ముక్కూ, పెదవులూ కనిపిస్తున్నట్లే తోస్తుంది. పక్కకు జరిగి చూస్తే మడతల మీద వెలుగునీడలు మారుతూ, ఆ భ్రమ కోసం ఉలి ఎంత నిదానంగా నడిచిందో అర్థమవుతుంది.

అయితే శిల్పికీ, సేకరించిన ప్రభువుకూ నమస్కరించి ఊరుకొంటే లెక్క పూర్తికాదు. ఆ ప్రభువంశపు సంపదకు ఆధారం జాగీర్లు, అంటే శిస్తు వసూలు చేసుకొనే హక్కుతో నిజాం ప్రభుత్వం ఇచ్చిన గ్రామాలు. జాగీర్ల వ్యవస్థ 1949లో రద్దయింది గాని, దాని ఆదాయంతో కొన్న వస్తువుల వెనుక పేరు తెలియని రైతుల చెమట ఉన్నది. పాలరాతి ముందు నిలబడినవారు ఆ రైతులను కూడా తలచుకోవడం ధర్మం.

వాన విషయంలోనూ ఇదే ఎరుక అవసరం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలు తీసుకొన్నది; నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ వరద తర్వాతనే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు పూర్తయినవి. నది ఒడ్డునే నిశ్చింతగా మ్యూజియం చూడగలగడంలో ఆ కట్టలు కట్టినవారి పాలు కూడా ఉన్నది. ఇక గదుల లోపల వానాకాలమంతా తేమతో పోరాటమే. తేమ పెరిగితే కొయ్య ఉబ్బుతుంది, కాగితానికి బూజు పడుతుంది, కంచు మీద ఆకుపచ్చని పొడి లేచి లోహాన్ని తినివేస్తుంది. అందుకే అద్దాల బీరువాల్లో తేమను పీల్చే సిలికా జెల్ ఉంచడం, గాలిలోని తేమను కొలుస్తూ ఉండడం వంటి పనులు చేసే సంరక్షకులు ప్రతి మ్యూజియానికీ ప్రాణం.

సాలార్‌జంగ్ మ్యూజియం చూశాక ఎంజీబీఎస్ స్టేషనులో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు. 1930లో ఏడవ నిజాం కాలంలో ఏర్పడిన ఈ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, అనగా లేపనాలు పూసి, గుడ్డపట్టీలు చుట్టి భద్రపరచిన మృతదేహం, ఒకటి ఉన్నది. శిథిలం కాకుండా దానిని 2016లో ప్రాణవాయువు లేని, నత్రజని నింపిన పెట్టెలో ఉంచారు. అది ఒక స్త్రీ దేహం. తనను జనం చూడవచ్చునని ఆమె ఎన్నడూ ఒప్పుకొన్నది కాదు. అక్కడ సెల్ఫీ తీసుకోకుండా, గొంతు తగ్గించి నిలబడడమే కృతజ్ఞతకు తగిన రూపం.

కనుక ఒక పూటలో అన్ని గదులూ తిరిగి అలసిపోవడం కంటె మూడు నాలుగు వస్తువులను ఎంచుకొని, ప్రతి దాని ముందూ చేసినవారెవరు, ఖర్చు భరించినవారెవరు, కాపాడుతున్నవారెవరు అని విచారించడం మేలు. తెలిసినంత వరకు వారి పేర్లు రాసిపెట్టుకొంటే చూసినది మరుపున పడదు. వెళ్లేటప్పుడు సందర్శకుల పుస్తకంలో సంరక్షకులకు ఒక మంచి మాట రాయడం, గదిలో కాపలా కూర్చున్న ఉద్యోగికి నమస్కారం చెప్పడం చిన్న పనులే గాని వాటి విలువ చిన్నది కాదు. ఊళ్లో ఇంటి అటక మీద తాళపత్రాలో పాత దస్తావేజులో ఉంటే, ఈ వానలకు అవి చెమ్మగిల్లక ముందే దింపించి, ఆరబెట్టించి, వాటిని చదవగలవారికి చూపించాలి. పూర్వులు కాపాడి ఇచ్చినందుకు తీర్చవలసిన ఋణం, తమ వంతుగా కాపాడి తర్వాతివారికి ఇవ్వడంతోనే తీరుతుంది.